సిర్ర, సిటికెన పుల్ల

ఉగాది పండక్కి కర్నూలును ఆనుకునే ఉన్న కల్లూరులో చౌడేశ్వరమ్మ గుడి చుట్టూ బురద చేసి, అందులో ఎడ్లబండ్లను, గాడిదలను తిప్పుతారు. కేకలు, ఈలలు, తోపులాట. ఇలాంటి గోలను దాటి వినబడగలిగేది డప్పు. ఆ గొప్పంతా తోలుదేనని మెచ్చుకుంటాం. సగం గొప్ప కర్రలది.

డప్పుకు రెండు కర్రలు. ఒకదానికొకటి పోలిక లేదు. కుడిచేతిలో సిర్ర, పొట్టిగా లావుగా. ఎడమచేతిలో సిటికెన పుల్ల, పొడుగ్గా సన్నగా, వంగే వెదురుబద్ద. సిర్ర తోలు నడుమ పడితే నిండైన మోత, అంచున పడితే పదునైన దెబ్బ. పుల్లను పై అంచు దగ్గర వేళ్లతో విదిలిస్తే చిటపటమంటుంది. సిర్ర అడుగు వేస్తుంది; రెండడుగుల మధ్య ఖాళీని పుల్ల నింపుతుంది. రెండు చేతులకూ సిర్రలే ఇచ్చి చూడండి: మోతకు లోటుండదు, చిందేసే కాలికి మాత్రం ఊపు దొరకదు.

కిటుకు కర్ర తోలును అంటుకుని ఉండే కాలంలో ఉంది. అది రెప్పపాటులో ఎన్నో వంతు. గట్టి కర్ర తగిలీ తగలగానే ఎగిరిపోతుంది కాబట్టి తోలులోని వేగమైన సన్నటి కంపనాలు బతుకుతాయి. మెత్తటిది ఇంకొంచెంసేపు అంటిపెట్టుకుని వాటిని అణిచేస్తుంది, మంద్రం మిగులుతుంది.

అమెరికా జాజ్ వాళ్లకు ఇదే లెక్క తిరగబడింది. వైబ్రాఫోన్‌లో మోగేవి లోహపు పలకలు, కొట్టాక చాలాసేపు మోగుతూనే ఉంటాయి. వట్టి కట్టెతో కొడితే స్వరం కన్నా ముందు టంగుమనే చప్పుడే చెవిన పడుతుంది. అందుకని పుల్ల కొనకు రబ్బరు గుండు పెట్టి, దానికి నూలు చుడతారు. 1930లో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ రికార్డులో లయొనెల్ హాంప్టన్ వాయించినప్పటి నుంచి ఈ వాద్యానికి జాజ్‌లో చోటు దొరికింది. తర్వాత వచ్చిన మిల్ట్ జాక్సన్ మెత్తటి గుండ్లతో పాట పాడించినట్టు వాయించాడు. అలాగని మెత్తదనమే మేలని కాదు. వేగం పెరిగితే మెత్తటి గుండు కింద స్వరాలు ఒకదాన్లో ఒకటి కలిసిపోతాయి, అక్కడ గట్టిది పట్టాల్సిందే. ఆ మెత్తటి గుండుతో డప్పు కొడితే? మోత వస్తుంది, దెబ్బ ఎక్కడ పడిందో తెలియదు.

తోలు కూడా ఒకేలా ఉండదు. చెమ్మకు సడలుతుంది, సెగ చూపితే బిగుస్తుంది. పీర్ల పండగ రాత్రి గుండం మంట తోలుకూ పనికొస్తుంది. బిగిసిన తోలు మీద సిర్రను బలంగా దించనక్కర్లేదు, మణికట్టు చాలు.

ఇప్పుడు ఇనుప చట్రానికి ప్లాస్టిక్ బిగించిన డప్పులు వచ్చాయి. సెగ అక్కర్లేదు, వానకు భయం లేదు. కూలికి పోయొచ్చి వాయించేవాడికి ఆ సుఖం చిన్నదేమీ కాదు, తప్పు పట్టను. కాని తోలుకు అలవాటైన పుల్ల దాని మీద కీచుమంటుంది. కాస్త లావు పుల్ల పట్టాలని నా చెవి అంటుంది.

వైబ్రాఫోన్ కర్రల మీద మెత్తన, మధ్యరకం, గట్టి అని రాసి అమ్ముతారు. సంగీత కళాశాలల్లో వాటి మీద పాఠాలున్నాయి. డప్పు కొట్టే మాదిగను మాత్రం ఊరు పండక్కి పిలిచి, పంక్తికి దూరంగా కూర్చోబెట్టింది. ఏ కట్టె చెక్కాలో, బద్దను ఎంత సన్నం చేయాలో, ఎంత వంగితే ఆపాలో అతనికి చేతివాటంగా తెలుసు. దాన్ని విద్య అని పిలవడానికి మనకింకా నోరు రాలేదు.