తులసి పోయి కాష్మోరా మిగిలిన కథ

యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ 1980ల ఆరంభంలో ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. కథ చిన్నది. శ్రీధర్, శారద దంపతులకు లేకలేక పుట్టిన కూతురు తులసి. ఆ పిల్ల అడ్డు తొలగితే కలిసొచ్చే డబ్బు మీద కొందరి కన్ను పడుతుంది. పిల్ల మీద కాష్మోరా అనే క్షుద్రప్రయోగం జరుగుతుంది. ఒరిస్సా వైపు బిస్తా అనే ఊళ్లో కాద్రా అనే మాంత్రికుడు కూర్చుంటాడు, హైదరాబాదులో పిల్ల మంచం పడుతుంది. తండ్రికి మంత్రాల మీద నమ్మకం లేదు. డాక్టర్లకు రోగం అంతుచిక్కదు. గడువు మాత్రం దగ్గర పడుతుంటుంది.

ఈ నవల పట్టంతా ఆ గడువులో ఉంది. మాంత్రికుడు లెక్కపెట్టే రోజులు ఒకటి, పత్రిక రావలసిన వారం ఇంకొకటి. రెండు గడువులూ ఒకదాని మీద ఒకటి పడేలా సీరియల్ నడిచింది. ఇవాళ పుస్తకంగా ఒక్క రాత్రిలో చదివేసేవాళ్లకు ఆ రెండో గడువు సంగతి తెలియదు. ఎన్టీఆర్ జిల్లా అంచున, ఖమ్మం జిల్లా పొలిమేరను ఆనుకుని ఉన్న గంపలగూడెం లాంటి ఊళ్లకు అప్పట్లో వారపత్రిక బస్సెక్కి రావాల్సిందే. వచ్చిన ఒక్క కాపీ చేతులు మారేది. చదివినవాళ్లు చదవనివాళ్లకు చెప్పేవాళ్లు, చెప్పేటప్పుడు కొంత కలిపేవాళ్లు. వారంలో ఆరు రోజులు కథ పత్రికలో కాక వీధి అరుగు మీద నడిచేది. భయం అనేది పేజీలో కన్నా పేజీకీ పేజీకీ మధ్య ఉన్న ఖాళీలో ఎక్కువగా పెరుగుతుంది. సీరియల్ రచయితకు ఆ ఖాళీ ఊరికే దొరికింది.

ఊరి సంగతి ఇంకొకటుంది. కోస్తాలో చిల్లంగి అన్నా, తెలంగాణలో బాణామతి అన్నా, ఎక్కడైనా చేతబడి అన్నా విషయం ఒకటే. మూడుదార్ల కూడలిలో పసుపు కుంకుమ పూసిన నిమ్మకాయ కనిపిస్తే తొక్కకుండా తప్పుకుని పోవడం అన్ని ఊళ్లలోనూ ఉంది. నమ్మనివాళ్లు కూడా తప్పుకునే పోతారు. యండమూరి రాసింది సరిగ్గా ఆ తప్పుకుపోయే మనిషి కోసమే. పూర్తిగా నమ్మేవాడికి ఈ నవలలో కొత్త లేదు, అసలు నమ్మనివాడికి ఇది నవ్వులాట. ఆ ఇద్దరి మధ్యవాడే పాఠకుడు. మధ్యవాళ్లే ఎక్కువమంది కాబట్టి పత్రిక అమ్మకాలు పెరిగాయి.

నవల నిర్మాణం కూడా ఆ మధ్యవాడి మనసులాగే ఉంటుంది. ఒకవైపు కాద్రా తంతు, దాని పక్కనే ఆసుపత్రి పరీక్షలు, ఆ పక్కన జయదేవ్ అనే పాత్ర చేసే హిప్నాటిజం. పిల్లకు వచ్చిన ప్రతి బాధకూ రెండు కారణాలు కనిపిస్తాయి, ఏదీ రెండోదాన్ని కొట్టిపారేయదు. ముగింపులోనూ అంతే. వైద్యం ఒక పక్క, హిప్నాటిజం ఒక పక్క, మాంత్రికుడి వేట ఇంకో పక్క ఒకేసారి నడుస్తాయి. పాప దేనివల్ల గట్టెక్కిందో ఎవరికి వారు తేల్చుకోవాలి. యండమూరి చదువు రీత్యా చార్టర్డ్ అకౌంటెంట్. రెండు పద్దులూ సరితూగేలా చివరిదాకా చూసుకోవడం ఆ వృత్తి నుంచే వచ్చిందేమోనని సరదాగా అనుకోవచ్చు. సరితూగాయని అందరూ ఒప్పుకోలేదు. రంగనాయకమ్మ ‘తులసిదళం కాదు గంజాయి దమ్ము’ అని పేరుపెట్టి ఒక విమర్శ పుస్తకమే రాశారు. సైన్సునూ మంత్రాన్నీ ఒకే తక్కెడలో పెడితే బరువు పెరిగేది మంత్రానికే. ఆ అభ్యంతరంలో బలం ఉంది. అయితే కథను భయంగా నిలబెట్టింది కూడా ఆ తక్కెడే.

తెరమీదికి వెళ్లేసరికి ఇబ్బంది మొదలైంది. 1980లలో యండమూరి నవలలు తెలుగు సినిమాకు వరుసగా ముడిసరుకు అయ్యాయి. ‘అభిలాష’ 1983లో, ‘ఛాలెంజ్’ 1984లో, ‘రాక్షసుడు’ 1986లో వచ్చాయి. మూడింటికీ దర్శకుడు ఎ.కోదండరామిరెడ్డే. అవన్నీ పందెం, పగ, వేట మీద నడిచే కథలు. కెమెరాకు తేలిగ్గా లొంగుతాయి. ‘తులసిదళం’ తెలుగు కన్నా ముందు కన్నడంలో సినిమా అయింది. 1985లో వేమగల్ జగన్నాథరావు దర్శకత్వంలో ‘తులసిదళ’గా వచ్చింది, శరత్‌బాబు, ఆరతి నటించారు. ఆ మరుసటేడు తెలుగులో, ఈ నవలకు కొనసాగింపుగా యండమూరి రాసిన ‘తులసి’ని ఎన్.బి.చక్రవర్తి సినిమాగా తీశారు. రాజేంద్రప్రసాద్, భానుప్రియ, శరత్‌బాబు, రాజశేఖర్ నటించారు. సినిమాకు పెట్టిన పేరు ‘కాష్మోరా’.

మార్పు అంతా ఈ పేరులోనే ఉంది. నవల పిల్ల పేరుతో ఉంది, సినిమా ఆ పిల్లను పట్టిన దాని పేరుతో ఉంది. చదివేవాడు తులసి పక్కన కూర్చుంటాడు. అమ్మానాన్నలతోపాటు జ్వరం చూస్తాడు, డాక్టరు మొహం చూస్తాడు. కాష్మోరా అనేది ఒక మాట మాత్రమే, దాని రూపం ఎవరికి తోచినట్టు వారు ఊహించుకుంటారు. టికెట్టు కొన్నవాడికి మాట చాలదు. పోస్టరు మీద ఏదో ఒక ఆకారం కావాలి. ఆకారం కనబడగానే, ఉందా లేదా అన్న ప్రశ్న పోయి, ఎలా ఉంది అన్న ప్రశ్న మిగులుతుంది. ఎలా ఉంది అన్నదానికి జవాబు మేకప్పు, పొగ, లైటింగు చెప్పాలి. అక్కడ భయం రచయిత చేతిలోంచి జారి సాంకేతిక నిపుణుల చేతిలో పడుతుంది.

ఇది తెలుగు సినిమాకు మాత్రమే పట్టిన జబ్బు కాదు. అమెరికన్ రచయిత రిచర్డ్ మాథెసన్ 1954లో ‘ఐ యామ్ లెజెండ్’ అనే నవల ప్రచురించాడు. లోకం అంతమైపోయాక మిగిలిన ఒకే ఒక్క మనిషి రాబర్ట్ నెవిల్ కథ అది. మిగతావాళ్లంతా రక్తం తాగే జీవులైపోయారు. నెవిల్ పగలు వాళ్లను వేటాడతాడు, రాత్రి తలుపులు బిగించుకుని కూర్చుంటాడు. వెల్లుల్లి, శిలువ లాంటి పాత నమ్మకాలు ఎందుకు పనిచేస్తున్నాయో మైక్రోస్కోపు పెట్టి వెతుకుతాడు. ఒక సూక్ష్మక్రిమి దొరుకుతుంది. అంటే ఇక్కడా పాత భయమూ ప్రయోగశాలా పక్కపక్కనే ఉన్నాయి. కాకపోతే మాథెసన్ అంతటితో ఆగలేదు. ఆ జీవుల్లో కొందరు రోగాన్ని అదుపులో పెట్టుకుని కొత్త సమాజం కట్టుకున్నారని చివర్లో తెలుస్తుంది. వాళ్లు నిద్రలో ఉండగా పగటిపూట వచ్చి చంపిపోయే నెవిల్ వాళ్ల పిల్లలకు దెయ్యం. పేరులోని లెజెండ్‌కు అర్థం అదే, భయపెట్టే పుక్కిటి కథ అని.

ఆ నవల మూడుసార్లు సినిమా అయింది. 1964 నాటి ‘ది లాస్ట్ మ్యాన్ ఆన్ ఎర్త్’లో విన్సెంట్ ప్రైస్ నటించాడు. కథకు దగ్గరగానే ఉన్నా మాథెసన్‌కు నచ్చక, స్క్రీన్‌ప్లేకు సొంత పేరు తీసేసి లోగన్ స్వాన్సన్ అనే మారుపేరు వేయించుకున్నాడు. 1971 నాటి ‘ది ఒమేగా మ్యాన్’లో చార్ల్‌టన్ హెస్టన్ ఉన్నాడు గానీ రక్తం తాగేవాళ్లు లేరు. 2007లో విల్ స్మిత్‌తో తీసిన మూడో సినిమా కథను లాస్ ఏంజెలిస్ నుంచి న్యూయార్కుకు మార్చింది, నవల పేరునే పెట్టుకుంది. ముందు చిత్రీకరించిన ముగింపులో ఆ జీవులకూ మమకారాలున్నాయని హీరోకు అర్థమవుతుంది. నమూనా ప్రేక్షకులకు అది నచ్చలేదని, హీరో ప్రాణత్యాగం చేసేలా మార్చి విడుదల చేశారు. దాంతో లెజెండ్ అంటే మహావీరుడు అయిపోయింది. మన దగ్గర పేరు మార్చి అర్థం మార్చారు, అక్కడ పేరు ఉంచి అర్థం తిప్పేశారు.

‘తులసిదళం’ ఛాయ తరవాత కూడా తెరమీద కనిపిస్తూనే ఉంది. 2008లో రామ్‌గోపాల్ వర్మ హిందీలో ‘ఫూంక్’ తీశాడు. నాస్తికుడైన తండ్రి, చేతబడికి గురైన కూతురు, చేతులెత్తేసిన డాక్టర్లు. నవల చదివిన తెలుగువాళ్లు పోలిక వెంటనే పట్టేశారు. సినిమాను థియేటర్లో ఒంటరిగా కూర్చుని చూసినవాళ్లకు అయిదు లక్షలిస్తానని వర్మ పందెం కాయడం అప్పట్లో పెద్ద వార్త. అదే ఏడు ఆ సినిమా జగపతిబాబుతో ‘రక్ష’గా తెలుగులోకీ వచ్చింది. ‘ఫూంక్’లో తండ్రి చివరికి మాంత్రికుడి గడప తొక్కుతాడు, పిల్ల బాగుపడుతుంది. తక్కెడలో ఒక పళ్లెం తీసి పక్కన పెట్టేశారు. ఇందులో బొమ్మలూ చప్పుళ్లూ బాగానే భయపెడతాయి. ఇంటికొచ్చాక ఆలోచించడానికి మాత్రం ఏమీ మిగలదు.

మాథెసన్ తరహా ప్రళయానంతర భయం తెలుగు తెరకు నవల మెట్లెక్కకుండా నేరుగా వచ్చింది. 2021లో ప్రశాంత్ వర్మ ‘జాంబీ రెడ్డి’ కరోనా రోజులను రాయలసీమ ఫ్యాక్షన్‌తో కలిపి నవ్విస్తూ చూపింది. 2024లో నాగ్ అశ్విన్ ‘కల్కి 2898 ఏడీ’ నీళ్లూ పచ్చదనమూ పోయిన లోకంలో కాశీని మిగిలిన నగరంగా నిలబెట్టింది, కానీ దాని చూపు భయం మీద కాదు, మహాభారతం మీద. కాలజ్ఞానం పేరు చెప్పి లోకాంతం లెక్కలు వేసుకునే జాతికి ఆ వస్తువు మీద ఒక మంచి భయానక నవల ఇంతవరకు జనం నోట నానకపోవడం విచిత్రమే. వీరబ్రహ్మం పేరు మీద చెప్పుకునే జోస్యాల్లో వీరేంద్రనాథ్‌కు దొరికినంత సరుకు ఉంది.

పుస్తకంగా ‘తులసిదళం’ను విజయవాడ ఏలూరు రోడ్డులోని నవసాహితి బుక్ హౌస్ పదేపదే ముద్రించింది. పేర్లు మాత్రం నవలను వదిలి తిరుగుతున్నాయి. 2016 మార్చిలో ఆర్.పి.పట్నాయక్ ‘తులసిదళం’ పేరుతో ఒక దెయ్యం సినిమా తీశాడు. లాస్ వేగాస్‌లో జరిగే ఆ కథకూ యండమూరి తులసికీ చుట్టరికం లేదు. అదే ఏడు దీపావళికి కార్తి తమిళ సినిమా ‘కాష్మోరా’ తెలుగులోనూ విడుదలైంది. అందులో కాష్మోరా అంటే దెయ్యాల్ని వదిలిస్తానని జనాన్ని మోసం చేసే ఒక కుర్రాడి పేరు.