గాల్లో రూపాయి

మా బీరువాలో, గుడ్డమూటలో, ఐదో జార్జి బొమ్మ ఉన్న వెండి రూపాయి ఒకటుంది. సరిగ్గా తులం బరువు. నాన్న, బాబాయి పొలం పంచుకున్నది దీనితోనే.

పంపకానికి నాలుగు రోజులు పట్టింది. బావి ఉన్న తూర్పు ముక్కను కాస్త కుదించారు. చవుడు తగిలిన పడమటి ముక్కకు పదిహేను సెంట్లు కలిపారు. తాడిచెట్లు లెక్కపెట్టారు, మళ్లీ గట్టు జరిపారు. అప్పుడు నాయనమ్మ ఇద్దరినీ విడివిడిగా పిలిచింది. "ఏ ముక్క వచ్చినా మొహం ముడుచుకోనని చెప్పరా" అంది. ఇద్దరూ ఒప్పుకున్నాకే రూపాయి బయటికి తీసింది. దోసిట్లో మూసి బాగా కుదిపి, చూడకుండా బొటనవేలి మీద పెట్టుకోమని నాన్నకిచ్చింది. అది గాల్లో ఉండగానే బాబాయి "బొరుసు" అన్నాడు.

ఆ కుదుపు విలువ నాకు చాలా ఏళ్లకు తెలిసింది. ఇంద్రజాలం నుంచి గణితంలోకి వచ్చిన పెర్సీ డయాకోనిస్, 2007లో ఇద్దరు సహచరులతో కలిసి ఒక లెక్క తేల్చాడు. నాణెం తిన్నగా పల్టీలు కొట్టదు, తూలే బొంగరంలా ఊగుతూ తిరుగుతుంది. అందుకే ఎగరేసేటప్పుడు పైనున్న ముఖమే నూటికి 51 సార్లు పైకి తేలుతుంది. 2023లో వెలువడిన ప్రయోగంలో 48 మంది కలిసి 3,50,757 సార్లు ఎగరేస్తే 50.8 శాతం వచ్చింది. ఏది పైనుందో ఎవరికీ తెలియకపోతే ఆ మొగ్గు ఎవరికీ పనికిరాదు. నాయనమ్మ చేసింది అదే.

రోమన్ పిల్లలు "తలా, ఓడా?" అని ఆడేవారు. వాళ్ల కంచు నాణేనికి ఒకవైపు జానస్ దేవుడి తల, రెండోవైపు ఓడ ముక్కు. మన శాతవాహనుల నాణేల మీదా రెండు కొయ్యల ఓడ ఉంది, వెనుక ఉజ్జయిని గుర్తు. సరుకును సముద్రం మీదికి పంపి, ఒడ్డున ఎదురుచూసే వర్తకుడి చేతికి అంతకంటే తగిన బొమ్మ ఏముంటుంది!

రెండో ప్రపంచయుద్ధంలో డెన్మార్క్‌లో నిర్బంధంలో ఉండగా జాన్ కెరిక్ అనే గణితవేత్త నాణేన్ని 10,000 సార్లు ఎగరేశాడు. 5,067 సార్లు బొమ్మ పడింది. అన్నిసార్లు వేస్తే లెక్క దగ్గరికొస్తుంది. క్రికెట్ టాస్ మీద కుర్రాళ్లు ఫోన్లలో పందేలు కడుతుంటే నాకు బాధేస్తుంది. అవతలివాడు లక్షసార్లు ఆడతాడు, వీళ్ల నెలజీతం ఒక్కసారే. పొలమూ ఒక్కసారే. నాలుగు రోజుల కొలతలు అందుకే.

బొమ్మ పడింది. బాబాయి వంగి రూపాయి తీసి, మట్టి తుడిచి, నాన్న చేతిలో పెట్టాడు.