జ్వాల ఎడమచేయి

మా ఆదిలాబాద్ జిల్లా ఉట్నూర్‌లో చలికాలం వస్తే చాలు, జాగా దొరికిన చోటల్లా సున్నంతో గీతలు గీసి బ్యాడ్మింటన్ నెట్ కడతారు. ఒక్కోచోట కోర్టు ఒక్కటే, ఆడేవాళ్లు ఎక్కువ. అందుకని ఎప్పుడూ నలుగురు దిగుతారు. ఆడేదంతా డబుల్సే, ముచ్చట్లు మాత్రం సింగిల్స్ ఆడే సైనా, సింధు, శ్రీకాంత్‌ల గురించి. డబుల్స్ ఆడిన గుత్తా జ్వాల పేరెత్తితే "ఆమెకు నోరెక్కువ" అంటారు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

నోటి సంగతి తర్వాత, ముందు ఆ చేతి పనితనం చూడండి. నెట్ మధ్యలో ఎత్తు 1.524 మీటర్లు. జ్వాల సర్వీస్ ఆ అంచును రాసుకుంటూ పోయి అవతలి ముందు గీత దగ్గర వాలేది. బెత్తెడు పైకి లేచిందా, ఎదుటివాళ్లు అక్కడికక్కడే కొట్టిపడేస్తారు. పోనీ వెనక్కి లేపుదామంటే డబుల్స్‌లో వెనక సర్వీస్ గీత సింగిల్స్ కన్నా 76 సెంటీమీటర్లు ముందుకుంటుంది. అంత ఇరుకులో షటిల్‌ను అదుపులో పెట్టడం మాటలా! సర్వీస్ చేశాక ఆమె నెట్ వదిలేది కాదు. రాకెట్ ఎప్పుడూ పైకే ఉండేది. చేయి ఊపడమన్నది లేదు, మణికట్టు ఒక్క విదిలింపు, అంతే. వెనక నుంచి జోడీ అశ్విని పొన్నప్ప స్మాష్ బాదితే, తడబడి తిరిగొచ్చిన షటిల్‌ను జ్వాల ముందే పసిగట్టి అడ్డంగా తుంచేసేది. చప్పట్లు స్మాష్‌కు పడేవి, పాయింట్లు నెట్ దగ్గర రాలేవి.

ఎడమచేతి వాటానికి ఇంకో లాభం ఉంది. కుడిచేతి అశ్విని పక్కన జ్వాల ఎడమవైపు నిలబడితే రెండు అంచుల్లోనూ ఫోర్‌హ్యాండే. చోటు మార్చుకుంటే ఇద్దరి ఫోర్‌హ్యాండ్ మధ్యలోకి వస్తుంది. ఇక ఎదుటివాళ్లు బలహీనమైన చోటు వెతుక్కోవాల్సిందే.

ఆమె పుట్టింది 1983లో, వర్ధాలో. ఆదిలాబాద్ దాటి, పెన్‌గంగ అవతల నాగ్‌పూర్ రోడ్డు పట్టుకుంటే దారిలో తగిలే జిల్లాయే అది. అందుకే సగం మా పిల్ల అంటాను, ఎవరేమన్నా సరే! తండ్రి తెలుగువాడు, తల్లి చైనా ఆవిడ. హైదరాబాద్‌లో ఎస్.ఎం. ఆరిఫ్ గారి దగ్గర ఆట దిద్దుకుంది. మొదట శ్రుతి కురియన్ జోడీగా, తర్వాత అశ్వినితో, మిక్స్‌డ్‌లో దిజుతో ఆడింది. జాతీయ టైటిళ్లే 14.

2010 ఢిల్లీ కామన్వెల్త్‌లో జ్వాల, అశ్విని ఫైనల్లో సింగపూర్ జోడీని ఓడించి బంగారం గెలిచారు. మహిళల డబుల్స్‌లో మన దేశానికి అదే మొదటిది. మరుసటి ఏడాది లండన్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో కాంస్యం. 1983లో ప్రకాశ్ పదుకొనే గెలిచాక 28 ఏళ్లకు మనకొచ్చిన పతకం అది. 2012 ఒలింపిక్స్‌లో గ్రూప్‌లో రెండు మ్యాచ్‌లు గెలిచి కూడా ఒకే ఒక్క పాయింటు తేడాతో క్వార్టర్స్ పోగొట్టుకున్నారు. ఆ ఒక్క పాయింటు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు రగులుతుంది.

ఆ నోటి సంగతికొస్తే, డబుల్స్‌ను పట్టించుకోవడం లేదని ఆమె బహిరంగంగానే అంది. ఉన్న మాటేగా! సింగిల్స్‌లో వెనకబడ్డవాళ్లను ఇద్దరిని తెచ్చి పక్కపక్కన నిలబెట్టి జోడీ అనడం మన దగ్గర పాత రోగం. అది డబుల్స్ కాదు, రెండు సింగిల్స్. ఇక మా ఊళ్లో చూడండి. ప్లాస్టిక్ షటిల్ తెచ్చి, ఎవరికి వారు స్మాష్ బాదడమే ఆట అనుకుంటారు. అసలు షటిల్‌కు 16 ఈకలు, బరువు అయిదు గ్రాముల చిల్లర. నెట్ దగ్గర దాని మీద సున్నితంగా చేయి తిప్పడం ప్లాస్టిక్ దానితో ఎన్నటికీ రాదు. ఈకల షటిళ్లు ఖరీదే, కాదనను. కానీ పిల్లాడి చేయి పాడయ్యాక దిద్దే మేస్త్రీ ఎక్కడ దొరుకుతాడు?

అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్, చిరాగ్ శెట్టితో కలిసి 2023లో ఆసియా క్రీడల బంగారం గెలిచి ప్రపంచ నంబర్ వన్ జోడీ అయ్యాడు. కోచ్ గోపీచంద్ గారమ్మాయి గాయత్రి ఆడుతున్నదీ డబుల్సే! ఆ దారి ముందు తొక్కింది ఎవరో ఎవరూ చెప్పరేం?

జ్వాల ఇప్పుడు హైదరాబాద్ శివార్లలో అకాడమీ నడుపుతోంది. మన ఆశ్రమ పాఠశాలల పీఈటీ సార్లకు నాదొక్కటే మనవి: పదేళ్ల పిల్లల్లో ఎడమచేతి వాటం వాళ్లు కనబడితే చేయి మార్పించకండి. జోడీ కట్టి, ముందు సర్వీస్ నేర్పండి.