శకుంతలోపాఖ్యానంలో బిడ్డ భరణం: ఒక పునఃపఠనం

వ్యాససంగ్రహం

ఆంధ్రమహాభారతం ఆదిపర్వంలోని శకుంతలోపాఖ్యానాన్ని తెలుగు విమర్శ ప్రధానంగా సత్యమహిమకు, పాతివ్రత్యానికి నిదర్శనంగా వ్యాఖ్యానిస్తూ వచ్చింది. ఒంటరిగా బిడ్డను పెంచిన తల్లి ఆ బిడ్డ పోషణబాధ్యతను తండ్రిపై నిలపడానికి రాజసభలో చేసిన వాదంగా ఈ ఘట్టాన్ని చదవాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది. వ్యాసభారతం, నన్నయ భారతం, కాళిదాసు నాటకం - ఈ మూడింటిలో బిడ్డ స్థానం ఎలా మారిందో గమనించి, నేటి మనోవర్తి చట్టం, దాని అమలు శకుంతల వాదాన్ని ఎంతవరకు అంగీకరించాయో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: శకుంతల, నన్నయ, భరణం, మనోవర్తి, పితృత్వనిరాకరణ, కుటుంబ న్యాయస్థానం, రివిజన్.

1. ఉపోద్ఘాతం

తెలుగునాట బడికి వెళ్ళినవారిలో చాలామందికి నన్నయ పద్యాలలో మొదట కంఠస్థమయ్యేది శకుంతల నోట పలికిన సత్యవాక్య ప్రశంస. నూరు నూతులకంటె ఒక బావి, దానికంటె ఒక క్రతువు, దానికంటె ఒక కొడుకు, అటువంటి నూరుగురు కొడుకులకంటె ఒక సత్యవాక్యం మేలని చెప్పే ఆ పద్యం పాఠ్యపుస్తకాల ద్వారా సుభాషితంగా స్థిరపడింది. స్థిరపడే క్రమంలో దాని సందర్భం జారిపోయింది. ఆ మాట అన్నది నీతిబోధ చేస్తున్న ఉపాధ్యాయిని కాదు. పక్కన కొడుకును నిలబెట్టుకుని, అన్నీ తెలిసి తెలియదంటున్న ప్రతివాదికి ఎదురుగా నిలిచిన అర్జీదారు. పద్యంలో కొడుకు ప్రస్తావన రావడం కూడా అలంకారం కోసం కాదు. ఆ సభలో తగవు ఉన్నదే కొడుకును గురించి.

సుభాషితంగా చదివితే ఈ పద్యం మనందరిదీ అవుతుంది. వాదంగా చదివితే అది ఒక తల్లిది, ఒక బిడ్డది మాత్రమే. ఈ రెండవ పఠనానికి ఆధారం ఉపాఖ్యానంలోనే ఉంది.

2. రెండు పేర్లు

ఈ కథలో తల్లి పేరు, కొడుకు పేరు రెండూ పోషణ అనే అంశం నుంచే పుట్టాయి. మేనక, విశ్వామిత్రుడు ఇద్దరూ విడిచిపెట్టిన పసికందును శకుంతపక్షులు కాపాడాయి గనుక ఆమె శకుంతల. అంటే రాజసభకు వచ్చిన ఈ తల్లి స్వయంగా తల్లిదండ్రుల పోషణకు నోచుకోని బిడ్డ. కణ్వుడు ఆమెను తెచ్చి పెంచాడు. ఈ సందర్భంలో సంస్కృతమూలం తండ్రులను మూడు విధాలుగా చెబుతుంది: శరీరాన్ని ఇచ్చినవాడు, ప్రాణాన్ని నిలిపినవాడు, అన్నం పెట్టినవాడు. పుట్టుకకు ఎంత స్థానముందో అన్నానికీ అంత స్థానమిచ్చిన ఈ వర్గీకరణను మన విమర్శ తగినంతగా పట్టించుకోలేదు. ఒంటరి తండ్రి అనే మాట నేడు కొత్తగా వినిపించవచ్చు. కణ్వుడు చేసింది మాత్రం అదే.

ఇక కొడుకు. ఆశ్రమంలో అతడు సర్వదమనుడు. ‘భరతుడు’ అన్న పేరు సభలో ఆకాశవాణి పలికిన తరువాత వచ్చింది. మూలంలో ఆ పేరుకు చెప్పిన వ్యుత్పత్తి స్పష్టం: మా మాటగా ఇతడిని నీవు భరించవలసినవాడవు గనుక ఇతడు భరతుడు. ‘భృ’ ధాతువు నుంచి వచ్చిన ఆ ‘భరించు’ అనే క్రియనే నన్నయ ఆకాశవాణి నోట నిలిపాడు. నేటి న్యాయపరిభాషలోని ‘భరణం’ కూడా ఆ ధాతువు నుంచి వచ్చినదే. ఒక వంశానికీ, దానిమీదుగా ఒక దేశానికీ పేరయినదని మనం చెప్పుకునే శబ్దం మొదట ఒక తండ్రిపై విధించిన పోషణాదేశం. దివ్యవాణి ఆజ్ఞ భార్యను స్వీకరించమనడంతో ఆగలేదు, బిడ్డను భరించమన్నది. ఈ భేదం ముఖ్యమైనది.

3. వాదం, ప్రతివాదం

గాంధర్వ వివాహానికి ముందే శకుంతల ఒక షరతు పెట్టింది: తనకు పుట్టే కొడుకు యువరాజు కావాలి. దుష్యంతుడు అంగీకరించాడు, పరివారాన్ని పంపి పిలిపించుకుంటానన్నాడు, పంపలేదు. బిడ్డ పెరిగాడు. కణ్వుడు పంపగా ఆమె కొడుకుతో సభకు వచ్చింది. రాజుకు అంతా గుర్తుంది. గుర్తుండే ఎరుగనన్నాడు. వ్యాసుని కథలోనూ నన్నయ కథలోనూ ఇది మరపు కాదు, ఎరుక కలిగిన నిరాకరణ.

శకుంతల వాదంలో మూడు అంచెలున్నాయి. మొదటిది సాక్ష్యం. వివాహానికి మనుషులు సాక్షులు లేరు గనుక సూర్యచంద్రులను, పంచభూతాలను, అంతరాత్మను సాక్షులుగా పిలిచింది. రెండవది సంబంధం: తండ్రే కొడుకుగా పుడతాడన్న శాస్త్రవచనం, బిడ్డ కౌగిలి సుఖం. మూడవది ఈ వ్యాసానికి కీలకం. మూలంలో ఆమె, నీవు విడిచిపెడితే నేను ఆశ్రమానికి వెళ్ళిపోతాను, నీకు పుట్టిన ఈ పిల్లవాడిని మాత్రం విడువరాదు అంటుంది. తన హక్కును, బిడ్డ హక్కును ఆమె వేరుచేసింది. తనది వదులుకోగలదు, బిడ్డది వదులుకునే అధికారం తనకు లేదని ఆమె ఎరుగును.

దుష్యంతుని ప్రతివాదం బిడ్డ దగ్గర మొదలుకాదు, తల్లి దగ్గర మొదలవుతుంది. ఆమె పుట్టుకను ఎత్తిపొడిచాడు, మేనకను నిందించాడు, స్త్రీలు అసత్యం పలుకుతారన్నాడు. ఆ తరువాతే, మూలంలో, ఇంత తక్కువ కాలంలో పిల్లవాడు ఇంత ఎత్తు ఎలా ఎదిగాడని సందేహం లేవదీశాడు. ప్రశ్న బిడ్డ పోషణ గురించి. జవాబు తల్లి శీలం గురించి. ఈ ఎత్తుగడ వయస్సు చాలా ఎక్కువ.

4. కాళిదాసు మార్చినది

కాళిదాసు నాటకంలో దుర్వాసుని శాపం, ఉంగరం చేరాయని అందరికీ తెలుసు. శాపం దుష్యంతుని నిరాకరణను మరపుగా మార్చి అతడిని నిర్దోషిని చేసిందని విమర్శకులు చాలాకాలంగా చెబుతున్నారు. రొమిల్లా థాపర్ 1999లో ప్రచురించిన శకుంతల గ్రంథంలో ఇతిహాసకథలోని స్వతంత్రురాలికీ నాటకంలోని కోమలికీ ఉన్న దూరాన్ని చారిత్రకంగా వివరించారు. అయితే శాపం, ఉంగరం చాటున మరొక మార్పు మరుగుపడింది. ఐదవ అంకంలో శకుంతల సభకు వచ్చేసరికి బిడ్డ ఇంకా పుట్టలేదు. ఆమె గర్భవతి. కాబట్టి సభలో ఎత్తుకుని చూపడానికి కొడుకు లేడు, చూపవలసినది ఉంగరం మాత్రమే. బిడ్డ ఉండవలసిన చోట పత్రసాక్ష్యం వచ్చి కూర్చున్నది. ఉంగరం పోతే వాదం పోయింది.

కాళిదాసుకు ఈ సంగతి తెలియదనుకోవడం సాహసం. ఆరవ అంకంలో ధనమిత్రుడనే వర్తకుడు సముద్రంలో మరణించాడనీ, సంతానం లేనందున అతని ధనం రాజుకు చెందుతుందనీ మంత్రి నివేదిస్తాడు. అతని భార్యలలో ఎవరైనా గర్భవతి ఉన్నారేమో విచారించమని దుష్యంతుడు ఆదేశిస్తాడు. ఉన్నదని తెలియగానే గర్భంలోని శిశువుకు పితృధనంపై హక్కు ఉన్నదని తీర్పు ఇస్తాడు. పరాయివాని గర్భస్థశిశువుకు న్యాయం చేసిన ధర్మాసనమే తన గర్భస్థశిశువును సభనుంచి పంపివేసింది. ఆ అంకంలో కన్నీటికంటె నన్ను ఎక్కువగా ఆపేది ఈ తీర్పు.

తెలుగులో పిల్లలమర్రి పినవీరభద్రుడు శృంగార శాకుంతలంలో భారతకథను, నాటకకథను కలిపాడు. కందుకూరి వీరేశలింగం అనువాదం, ఆ తరువాతి రంగస్థల, చలనచిత్ర రూపాలు కాళిదాసు కథనే జనసామాన్యానికి చేర్చాయి. ఫలితంగా నేటి పాఠకుని స్మృతిలో శకుంతల ఉంగరం పోగొట్టుకున్న ప్రేయసి. కొడుకు చేయి పట్టుకుని సభలో నిలబడిన తల్లి నన్నయ పుటలలోనే మిగిలిపోయింది.

5. చట్టం ఎంత దూరం వచ్చింది

1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 488వ సెక్షన్, 1973 కోడ్ 125వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షన్ - ఈ మూడూ ఒకే వరుసలోనివి. తెలుగు జిల్లాల కోర్టుల్లో వీటిని ‘ఎం.సి. కేసులు’ అంటారు, జనం నోట ‘మనోవర్తి కేసు’. తగిన స్తోమత ఉండి పోషణను నిర్లక్ష్యం చేయడం లేదా నిరాకరించడం అన్నది ఈ సెక్షన్ల ప్రాతిపదిక. దుష్యంతుని విషయంలో రెండూ నిస్సందేహం. భార్యను ఒక ఖండంలోను, మైనరు బిడ్డను వేరొక ఖండంలోను చట్టం పేర్కొన్నది. సక్రమ సంతానమా కాదా అన్న భేదం బిడ్డ భరణానికి అడ్డురాదని స్పష్టంగా చెప్పింది. శకుంతల సభలో చేసిన విభజన ఇదే. గాంధర్వ వివాహానికి సాక్షులు లేకపోయినా, సర్వదమనుని అర్జీ తండ్రి ఎవరన్న ఒక్క అంశంపై నిలుస్తుంది. 1956 హిందూ దత్తత, మనోవర్తి చట్టం 20వ సెక్షన్ ఈ బాధ్యతను తండ్రితోపాటు తల్లిపైనా ఉంచినందువల్ల బిడ్డను ఒంటరిగా పెంచే తండ్రికి కూడా అడిగే మార్గం ఉన్నది.

చట్టం అక్షరం వరకు ఇది గొప్ప ముందడుగు. ఆచరణలో సభ ఇంకా పాతదే. భరణం అర్జీకి మొదటి జవాబుగా ఈనాటికీ వచ్చేది తల్లి నడవడిపై నింద, దాని వెంట బిడ్డ పితృత్వంపై సందేహం. 1993లో ఇటువంటి భరణం కేసులోనే, సందేహం వ్యక్తం చేసినంత మాత్రాన రక్తపరీక్షకు ఆదేశించరాదని సుప్రీంకోర్టు చెప్పింది. 2014లో, డీఎన్ఏ ఫలితం వచ్చి ఉన్న మరొక భరణం కేసులో, చట్టపరమైన భావనకంటె శాస్త్రీయ నిర్ధారణకే విలువ ఇచ్చింది. 2023లో పిల్లలను యథాలాపంగా డీఎన్ఏ పరీక్షకు గురిచేయరాదని, అది బిడ్డ గోప్యతకు సంబంధించినదని మళ్ళీ హెచ్చరించింది. పిల్లవాడు ఇంత ఎత్తు ఎలా ఎదిగాడన్న ప్రశ్నకు ముప్పై ఏళ్ళుగా న్యాయస్థానం వెదుకుతున్న సమాధానాలివి. ఉంగరం స్థానంలో ప్రయోగశాల నివేదిక వచ్చింది.

ఆదాయం దాచడం ఎరుక కలిగిన నిరాకరణకు ఆధునిక రూపం. జీతపు పత్రం ఒకటి, నడిపే జీవితం మరొకటి. 2020 నవంబరు 4 నాటి తీర్పులో ఉభయపక్షాలూ ఆస్తులు, ఆదాయం, ఖర్చులపై ప్రమాణపత్రం దాఖలు చేయాలని సుప్రీంకోర్టు నిర్దేశించడానికి కారణం ఇదే. భరణాన్ని అర్జీ పెట్టిన తేదీనుంచి లెక్కించాలని కూడా ఆ తీర్పే స్థిరపరచింది. మేలైన నియమమే. కాని అర్జీకి ముందు గడచిన ఏళ్ళు ఈ లెక్కలోకి రావు. సర్వదమనుడు ఆశ్రమంలో పెరిగిన కాలమంతా, కణ్వుడు పెట్టిన అన్నమంతా, 144వ సెక్షన్ ముందు ఖాళీ పుట. ఒంటరి తల్లులు చాలామంది అర్జీ పెట్టడానికే ఏళ్ళు తీసుకుంటారు. పిలిపిస్తాడని ఎదురుచూసింది శకుంతల ఒక్కతే కాదు.

6. ఆకాశవాణి తరువాత

ఉపాఖ్యానంలో శకుంతల వాదం గెలవలేదని గుర్తించాలి. ఆమె అన్నీ చెప్పి, విఫలమై, వెనుదిరిగింది. రాజుకంటె పైనున్న వాక్కు దిగివచ్చింది గనుకనే తీర్పు మారింది. వాది, ప్రతివాది, న్యాయమూర్తి అన్న మూడు స్థానాలలో రెండు దుష్యంతుడివే అయినప్పుడు మరొక దారి లేదు. ఆకాశవాణి ఒక అప్పీలు. నన్నయకు ఆ అప్పీలు ఫలించడం అవసరం కూడా. రాజరాజనరేంద్రుడు తన వంశపు పూర్వులుగా భావించి వినగోరిన చంద్రవంశ కథ భరతుడు లేకుండా నడవదు. కాబోయే చక్రవర్తి కోసం ఆకాశం పలికింది. చక్రవర్తి కాబోని పిల్లల మాటేమిటన్న ప్రశ్న ఆ కావ్యానిది కాదు, మనది.

నేడు ఆ స్థానంలో ఉన్నది హైకోర్టు. 1984 కుటుంబ న్యాయస్థానాల చట్టం 19వ సెక్షన్ ప్రకారం కుటుంబ న్యాయస్థానం తీర్పులపై సాధారణంగా హైకోర్టుకు అప్పీలు ఉంది, గడువు 30 రోజులు. కాని క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ కింద ఇచ్చిన భరణం ఉత్తర్వుపై అప్పీలు లేదు, రివిజన్ మాత్రమే. త్వరగా తేలాలన్నది ఉద్దేశం. కాని రివిజన్ తలుపు ఇరుపక్షాలకూ తెరిచే ఉంటుంది. మొత్తం చాలదని తల్లి, ఎక్కువైందని తండ్రి ఒకే ఉత్తర్వుపై ఎదురెదురుగా వెళ్ళవచ్చు. మధ్యంతర భరణం అర్జీని నోటీసు అందిన 60 రోజుల్లో వీలైనంతవరకు పరిష్కరించాలన్న నియమం 2001 నుంచి ఉంది. ఆ ‘వీలైనంతవరకు’ అన్న మాటలోకే వాయిదాలన్నీ ప్రవేశిస్తాయి. చెల్లించకపోతే ప్రతి నెల బకాయికి ఒక నెల వరకు జైలుశిక్ష విధించవచ్చు. అయితే ఆ వసూలు కోసం బకాయి పడిన ఏడాదిలోగా తల్లే మళ్ళీ అర్జీ పెట్టాలి. పిల్లవాడి బడి ఫీజు రసీదులు, మందుల చీటీలు పట్టుకుని ఆమె తిరిగే తిరుగుడు ఏ కావ్యంలోనూ లేదు. సమకాలీన తెలుగు కథ కూడా విడాకుల నిర్ణయం దాకా వచ్చి, ఆ తరువాతి ఈ కోర్టు వరండా జీవితాన్ని తక్కువగా చూసిందని నా అభిప్రాయం.

ఆకాశవాణి పలికాక దుష్యంతుడు, తనకు అంతా తెలుసుననీ, లోకాపవాదానికి వెరచి అలా అన్నాననీ చెప్పి కొడుకును కౌగిలించుకున్నాడు. మూలంలో ఇంకొక మాట కూడా అన్నాడు. కోపంలో నీవు నన్ను అన్న పరుషవాక్యాలను క్షమించానని శకుంతలతో అన్నాడు. దానికి శకుంతల ఏమన్నదో వ్యాసుడు చెప్పలేదు.