దూత గొంతు ఎవరిది? లిఖిత సందేశానికీ టెలిఫోను సంభాషణకూ మధ్య మాట మార్పిడి: ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాస సంగ్రహం:
టైపు చేసిన సందేశాన్ని గొంతుగా మార్చి అవతలి టెలిఫోనులో వినిపించడం, అక్కడ పలికిన మాటను తిరిగి అక్షరంగా చూపించడం నేడు సాధ్యమైంది. ఈ ప్రక్రియను సాధారణంగా ఉచ్చారణ శుద్ధి, వేగం, తప్పుల సంఖ్య అనే కొలతలతో అంచనా వేస్తారు. తెలుగు వ్యాకరణం, మర్యాదా సూచకాలు, లిపి అలవాట్ల దృష్టితో చూసినప్పుడు, మధ్యవర్తి చెప్పకుండా తీసుకునే నిర్ణయాలు ఇందులో ఎన్నో కనిపిస్తాయి. కౌటిల్యుడు చెప్పిన దూత భేదాలను ఆధారంగా చేసుకొని ఆ నిర్ణయాధికారానికి హద్దు ఎక్కడ ఉండాలో ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలక పదాలు: లిఖిత సందేశం, టెలిఫోను, వాచిక పరివర్తన, దూత భేదాలు, మర్యాదా సూచకాలు, వ్యావహారిక భాష.

1. ఉపోద్ఘాతం

ఒకరు రాయడం, మరొకరు వినడం, ఇద్దరి మధ్య మూడో గొంతు ఉండడం తెలుగువారికి కొత్త కాదు. పొరుగూరిలో ఉన్న కొడుకు రాసిన కార్డును చదువురాని తల్లికి పోస్ట్‌మాన్ చదివి వినిపించేవాడు. ఆమె చెప్పిన జవాబును బడికి వెళ్లే పిల్లవాడెవరో రాసిపెట్టేవాడు. ఫోనులో చెప్పిన వాక్యాన్ని తంతిగా పంపే ఫోనోగ్రామ్ సౌకర్యం కూడా మన తపాలా తంతి వ్యవస్థలో ఉండేది. 2013 జూలైలో తంతి సేవ ముగిసింది. ఆ మూడో గొంతు స్థానాన్ని ఇప్పుడు యంత్రం తీసుకుంటున్నది.

అయితే ఉత్తరానికీ నేటి సందేశానికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. తన రాతను ఎవరో పైకి చదువుతారని ఉత్తరం రాసేవాడికి తెలుసు. అందుకే సంబోధన, నమస్కారం, 'ఉభయకుశలోపరి', పేరుపేరునా అడగడం వంటివన్నీ ఉత్తరంలోనే ఉండేవి. చదివేవాడు పరాయివాడైనా మర్యాద లోపించేది కాదు. నేటి సందేశం కంటి కోసం రాసినది. అందులో సంబోధన ఉండదు, క్రియ సగమే ఉంటుంది, మిగిలినది బొమ్మలు పూరిస్తాయి. కంటి కోసం రాసిన ఈ మాటను చెవికి అందించే పని యంత్రానిది. ఈ వ్యాసంలో లేవనెత్తే ప్రశ్నలన్నీ ఇక్కడి నుండే వచ్చాయి.

2. మధ్యవర్తికి పెట్టిన నియమం

ఈ ప్రక్రియ చరిత్ర బధిరుల అవసరంతో మొదలైంది. అమెరికాలో బధిరుడైన భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ వైట్‌బ్రెక్ట్ 1964లో టెలిఫోను తీగ మీదుగా టెలిటైప్ యంత్రాలు మాట్లాడుకునే మార్గం చూపాడు. రెండు వైపులా ఆ యంత్రం ఉంటేనే సంభాషణ సాగేది. ఒకవైపు మామూలు ఫోను మాత్రమే ఉంటే నడుమ ఒక మనిషి కావలసి వచ్చింది. ఇటువైపు టైపు చేసినది ఆ మనిషి అటువైపు చదువుతాడు, అటువైపు పలికినది ఇటువైపు టైపు చేస్తాడు. 1990లో వచ్చిన అమెరికా వికలాంగుల చట్టం ఈ రిలే సేవను దేశమంతటా అందించాలని నిర్దేశించి, అందుకు 1993 జూలై వరకు గడువు పెట్టింది. తరువాత ఇంటర్నెట్ వచ్చాక తక్షణ సందేశాల ద్వారానే రిలేను పిలిచే వీలు కలిగింది. 2019లో గూగుల్ ప్రకటించిన లైవ్ రిలేలో, 2023లో ఆపిల్ తెచ్చిన లైవ్ స్పీచ్‌లో నడుమ మనిషి లేడు.

సాంకేతిక వివరాల కన్నా సాహిత్య విద్యార్థికి ఆసక్తి కలిగించేది ఆ మనిషికి పెట్టిన నియమం. రిలే ఉద్యోగి సంభాషణను ఉన్నది ఉన్నట్టు అందించాలి. కలపరాదు, తగ్గించరాదు, మెరుగు పెట్టరాదు, బయట చెప్పరాదు. సారాంశం చాలునని వినియోగదారుడే కోరినప్పుడు, సంజ్ఞాభాష వాక్యరీతిలో టైపు చేసినదాన్ని ఇంగ్లీషు వాక్యంగా మార్చి చెప్పమని అడిగినప్పుడు మాత్రమే సడలింపు ఉంటుంది. ఈ నియమం ఎంత కఠినమైనదో, ఆ సడలింపు ఎంత అర్థవంతమైనదో తెలుగు ఉదాహరణలతో పరిశీలిస్తే స్పష్టమవుతుంది.

3. మూడు రకాల దూతలు

అర్థశాస్త్రం దూతలను మూడు విధాలుగా విభజించింది. నిసృష్టార్థుడు సందర్భాన్ని బట్టి తానే నిర్ణయించి మాట్లాడగలవాడు. పరిమితార్థుడికి అప్పగించిన పని మేరకే అధికారం ఉంటుంది. శాసనహరుడు ఇచ్చిన లేఖను చేర్చేవాడు మాత్రమే. మాట మార్పిడి యంత్రాన్ని మనకు పరిచయం చేసేటప్పుడు శాసనహరుడిగానే చూపిస్తారు. ఉన్న అక్షరాన్ని చదువుతుంది, అంతే అంటారు. ఆ మాట తెలుగు విషయంలో నిలవదు. అక్షరంలో లేనిదాన్ని తెచ్చి పెట్టకుండా యంత్రం ఒక్క తెలుగు సందేశాన్ని కూడా పలకలేదు.

సుందరకాండలో హనుమంతుడు సీతను చూసిన తరువాత ఆలోచించినది సందేశం గురించి కాదు, ఏ భాషలో మాట్లాడాలన్నదాన్ని గురించి. పండితుడిలా సంస్కృతం మాట్లాడితే రావణుడే వచ్చాడని ఆమె భయపడుతుందేమోనని శంకించి, సామాన్య మానవుల మాటను ఎంచుకున్నాడు. రాముడు ఆ విషయం చెప్పి పంపలేదు. అది దూత తనంతట తాను తీసుకున్న నిర్ణయం. అక్షరాన్ని గొంతుగా మార్చే ఏ మధ్యవర్తికైనా ఇటువంటి నిర్ణయం తప్పదు.

4. రాతలో లేనిది, గొంతులో తప్పనిది

తెలుగు రాసినట్టే పలుకుతాం కాబట్టి యంత్రానికి సులువన్న అభిప్రాయం ఒకటి ప్రచారంలో ఉంది. హిందీలోలాగా పదాంత అకారం లోపించే చిక్కు మనకు లేదన్న మాట నిజమే. కాని 'జాడ'లోని జకారం వేరు, 'జాతి'లోని జకారం వేరు. దంత్య తాలవ్య భేదం తెలిసిన వ్యాకర్తలు ఉన్నారు, బ్రౌను తన నిఘంటువులో గుర్తులు పెట్టి మరీ చూపించాడు, నేటి రాతలో మాత్రం ఆ గుర్తులు లేవు. 'వచ్చాడు'లో చకారం తరువాత పలికే అచ్చు ఆకారమూ కాదు, ఏకారమూ కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి వంటి భాషావేత్తలు వివరించిన ఆ అచ్చుకు మన వర్ణమాలలో అక్షరమే లేదు. అయినా ఇవి చిన్న సమస్యలే. శిక్షణతో యంత్రం వీటిని నేర్చుకుంటుంది. తప్పినా వినేవారు సర్దుకుంటారు.

సర్దుకోలేనివి అంకెల దగ్గర మొదలవుతాయి. 'రేపు 3కి 3 వస్తాం' అని ఒకరు రాశారనుకుందాం. కంటితో చదివేవారికి ఇందులో ఏ సందేహమూ లేదు. పైకి చదివినప్పుడు అది 'రేపు మూడింటికి ముగ్గురం వస్తాం' కావాలి. మొదటి మూడు గంట, అమహద్వాచకం. రెండో మూడు మనుషులు, పైగా ఉత్తమ పురుష బహువచనం. 'రేపు మూడుకి మూడు వస్తాం' అని యంత్రం చదివితే అది ఉచ్చారణ దోషం కాదు, మనుషులను వస్తువులుగా లెక్కపెట్టిన వ్యాకరణ దోషం. 'ముగ్గురం' అన్న పదం సందేశంలో ఎక్కడా లేదు. దానిని సరఫరా చేయవలసినవాడు దూత. శాసనహరుడికి ఆ అధికారం లేదు, పరిమితార్థుడికి ఉంది.

రోమను అక్షరాలలో తెలుగు రాసే అలవాటు ఈ చిక్కును ఇంకా పెంచింది. ఎల్, ఇ, డి, యు అనే నాలుగు అక్షరాలు 'లేదు' కావచ్చు, 'లేడు' కావచ్చు. వాక్యమంతా ఉంటే కర్తను బట్టి తేల్చుకోవచ్చు. సందేశాలలో చాలాసార్లు ఆ ఒక్క మాటే జవాబు. అవతలివారు 'డబ్బు అందిందా?' అని అడిగితే ఒకటి, 'తమ్ముడు ఇంట్లో ఉన్నాడా?' అని అడిగితే మరొకటి. అంటే ఇటు రాసిన మాట ఏమిటో తేలాలంటే అటు పలికిన ప్రశ్న తెలిసి ఉండాలి. సందేశాన్ని విడి వాక్యంగా తీసుకొని గొంతుగా మార్చే పద్ధతి ఇక్కడ విఫలమవుతుంది. వాక్యం కాదు, సంభాషణే ప్రమాణం కావాలి. తెలుగు యంత్రవాచకాన్ని పరీక్షించేవారు విడివిడి వాక్యాల జాబితా ఇచ్చి మార్కులు వేసినంత కాలం ఈ లోపం బయటపడదు.

మర్యాద సంగతి ఇంతకన్నా సున్నితమైనది. అల్లుడు మామగారికి 'సరే' అని రాసి పక్కన చేతులు జోడించిన బొమ్మ పెడతాడు. ఆ బొమ్మ అక్కడ అలంకారం కాదు, 'అండి' అనే ప్రత్యయం చేసే పనిని చేస్తున్నది. యంత్రం బొమ్మను వదిలేస్తే మామగారి చెవికి చేరేది పొడి 'సరే'. బొమ్మను వర్ణించి చదివితే 'సరే, జోడించిన చేతులు' అన్న వింత మాట వినబడుతుంది. రెండూ సందేశాన్ని పాడుచేసినవే. 'సరేనండి' అని పలికితే అక్షరానికి ద్రోహం జరిగినట్టు కనిపిస్తుంది గాని అర్థానికి న్యాయం జరుగుతుంది. రిలే నియమంలోని సడలింపు సంజ్ఞాభాషకు ఇచ్చిన గౌరవం ఇటువంటిదే. ఒక భాషారీతిలో ఉన్న సంకేతాన్ని మరో రీతిలోకి తేవడం కలపడం కాదు. అయితే బొమ్మ లేని చోట కూడా యంత్రం పెద్దవారన్న ఊహతో 'అండి' చేర్చడం మొదలుపెడితే అది నిసృష్టార్థుడి పని. కోపంతోనే ఎవరైనా 'అండి' మానేసి ఉండవచ్చు. ఆ కోపాన్ని దాచే హక్కు దూతకు లేదు.

లింగం విషయంలో తెలుగు మరో విశేషాన్ని చూపిస్తుంది. హిందీలో 'నేను వస్తాను' అన్నప్పుడే అన్నది స్త్రీయా పురుషుడా క్రియ చెప్పేస్తుంది. తెలుగులో ఉత్తమ పురుష క్రియకు లింగభేదం లేదు. రాసినవారు చెప్పనిదాన్ని గొంతు మొదటి అక్షరంతోనే చెప్పేస్తుంది. స్త్రీ రాసిన మాటను పురుష స్వరంలో వినిపించడం వల్ల కలిగే గందరగోళం చిన్నది కాదు. కాబట్టి గొంతును ఎంచుకునే అవకాశం రాసేవారికే ఉండాలి. దానిని కంపెనీ ముందే నిర్ణయించి పెట్టడం తగదు.

5. గిడుగు ప్రశ్న మళ్లీ

ఎదురు దిశలో, అంటే గొంతును అక్షరంగా మార్చేటప్పుడు, మనకు బాగా పరిచయమైన వాదమే కొత్త వేషంలో వస్తుంది. ఫోనులో తెలంగాణ తల్లి 'ఏం జేస్తున్నవ్ బిడ్డా' అంటే తెర మీద 'ఏం చేస్తున్నావు బిడ్డా' అని కనబడాలా? అర్థం మారలేదు కదా అని సాంకేతికులు అనవచ్చు. వ్యవహారంలో ఉన్న మాటను రాతలోకి తేవడానికి జీవితాన్ని వెచ్చించిన గిడుగు రామమూర్తి ఎదుర్కొన్న సమాధానం కూడా దాదాపు ఇదే. యంత్రం పేరుతో జరిగే ఈ దిద్దుబాటు, పాఠకుడు గమనించని గ్రాంథికీకరణ. దిద్దిన మాటలో తల్లి ఉండదు. కొడుకు చదివేది ఎవరో అనామక తెలుగు వ్యక్తి రాసిన వాక్యం. ఇక్కడ రిలే నియమం అక్షరాలా వర్తించాలి, విన్నది విన్నట్టే రావాలి.

గిడుగు జీవితంలోని ఒక విషయం ఈ సందర్భంలో ప్రస్తావించదగినది. సవరల మధ్య పనిచేస్తున్న కాలంలో జ్వరానికి వాడిన క్వినైన్ వల్ల ఆయన వినికిడి దెబ్బతిన్నదని ఆయన జీవితచరిత్రలు చెబుతాయి. నోటి మాటకే ప్రామాణ్యం ఉందని వాదించిన మనిషికే ఎదుటివారి మాట వినడం కష్టమైంది. అటువంటివారి కోసం రిలే సేవల్లో ఒక సగం మార్పిడి పద్ధతి ఉంది. తమ మాటను తమ గొంతుతోనే పలుకుతారు, ఎదుటివారి మాటను మాత్రం అక్షరంగా చదువుకుంటారు. మార్పిడి అవసరమైన మేరకే జరగాలన్న సూత్రానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

తెలుగు వినికిడిలో 'ఊఁ కొట్టడం' ఒక భాగం. కథ చెప్పేవారికైనా, ఫోనులో కష్టం చెప్పుకునేవారికైనా అవతలి 'ఊఁ' వినబడకపోతే మాట ముందుకు సాగదు. మాటను అక్షరంగా మార్చే యంత్రాలు ఈ శబ్దాన్ని నిరర్థకమని తీసిపారేస్తుంటాయి. ఇటువైపు సందేశం రాసేవాడు వాక్యం పూర్తయ్యే వరకు పంపడు. ఆ నిశ్శబ్దంలో తల్లి రెండుసార్లు 'హలో' అని, వినబడటం లేదేమోనని ఫోను పెట్టేస్తుంది. పాత టెలిటైప్ వాడుకరులు తమ వంతు ముగిసిందని చెప్పడానికి రెండక్షరాల గుర్తు పెట్టుకొని ఈ సమస్యను దాటారు. అక్షరం టైపు చేసిన వెంటనే అవతలికి చేరే పద్ధతికి టి.140 అనే అంతర్జాతీయ ప్రమాణం 1998 నుండి ఉంది. కాని గొంతుగా మార్చడానికి పదమైనా పూర్తి కావాలి, తెలుగులో క్రియ వాక్యాంతంలో వస్తుంది కాబట్టి తరచుగా వాక్యమే పూర్తి కావాలి. ఈ లోగా 'ఊఁ' అనడానికి రాసేవాడి చేతిలో ఒక మీట ఉంటే చాలు. ఇంత చిన్న ఏర్పాటు తట్టాలంటే తయారీదారు ఒక్కసారైనా తెలుగు ఇంటి ఫోను సంభాషణను శ్రద్ధగా విని ఉండాలి.

6. ముద్రిక

కొత్త చిక్కు గొంతు అనుకరణతో వచ్చింది. ఆపిల్ తెచ్చిన పర్సనల్ వాయిస్ సౌకర్యంలో కొన్ని వాక్యాలు చదివి ఇస్తే మన గొంతును పోలిన గొంతు తయారవుతుంది. క్రమంగా మాట పడిపోయే వ్యాధి ఉన్నవారికి ఇది వరమే, అందులో సందేహం లేదు. తన గొంతుతో మాట్లాడే హక్కు వారిది. సమస్య వినేవారి వైపు ఉంది. కొడుకు రాసిన మాట కొడుకు గొంతులోనే వినబడితే తల్లి అతడే పలికాడని నమ్ముతుంది. ఆ నమ్మకాన్ని ఆసరాగా చేసుకొని మోసగాళ్లు అనుకరణ గొంతుతో డబ్బు అడగడం ఇప్పటికే మన దేశంలో జరుగుతున్నది.

హనుమంతుడు మంచి మాట ఎంచుకున్నంత మాత్రాన సీత నమ్మలేదు. రాముడి రూపలక్షణాలు అడిగింది. అతడు అవి వర్ణించి, ఉంగరం చూపించాడు. ముద్రిక దూతను దూతగా గుర్తింపజేసే వస్తువు, అతడిని రాముడిగా భ్రమింపజేసేది కాదు. ఫోను మీద యంత్రం పలికే మొదటి వాక్యం ఆ ఉంగరం కావాలి. రిలే ఉద్యోగులు సంభాషణ మొదట్లో తాము ఎవరో చెప్పుకోవడం ఇందుకే. తెలుగులో ఆ వాక్యం ఎలా ఉండాలన్నది ఇంకా ఎవరూ స్థిరపరచని విషయం. 'ఇది స్వయంచాలిత సందేశ పరివర్తన సేవ' అంటే బ్యాంకు ప్రకటన అనుకొని ఫోను పెట్టేస్తారు. 'మీ అబ్బాయి రాసి పంపుతున్నాడు, నేను చదివి వినిపిస్తున్నానమ్మా' అంటే అర్థమవుతుంది. అయితే అందులో 'అమ్మా' అని పిలిచే చనువు యంత్రానికి ఎవరిచ్చారు? 'నేను' అన్నది ఎవరు? పోస్ట్‌మాన్‌కు ఆ చనువు ఊరిచ్చింది. యంత్రానికి 'నేను' తీసేసి, 'అమ్మా' స్థానంలో 'అండి' పెట్టి, 'మీ అబ్బాయి రాస్తున్న మాటలివండి, చదువుతున్నది యంత్రం' అనిపించడం ప్రస్తుతానికి సబబుగా తోస్తున్నది.