ఎదురు నిలిచే కత్తి కావాలి

ఇటలీ పడమటి తీరాన, పీసాకు దగ్గర్లో, లివోర్నో అనే రేవు పట్నం ఉంది. అక్కడ బెప్పె నాది అనే ఫెన్సింగ్ మాస్టారు ఉండేవాడు. కొడుకులిద్దరి చేతికీ చిన్నతనంలోనే కత్తి ఇచ్చాడు. పెద్దవాడు నెదో నాది 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో 18 ఏళ్లకే, ఫెన్సింగ్‌లో వాడే మూడు రకాల కత్తుల్లో ఒకటైన ఫాయిల్‌లో స్వర్ణం గెలిచాడు. యుద్ధం వచ్చి 1916 క్రీడలు ఆగిపోయాయి. 1920లో ఆంట్‌వెర్ప్‌లో మాత్రం ఒకే ఒలింపిక్స్‌లో 5 స్వర్ణాలు పట్టాడు. ఫాయిల్, సేబర్ వ్యక్తిగత పోటీల్లో రెండు, ఫాయిల్, ఎపే, సేబర్ జట్టు పోటీల్లో మూడు.

ఆ అయిదు స్వర్ణాల గురించి అందరూ చెబుతారు. వాటి పక్కనున్న వెండి పతకాన్ని కూడా చూడాలి. వ్యక్తిగత సేబర్‌లో నెదో తర్వాత రెండో స్థానంలో నిలిచింది తమ్ముడు ఆల్దో. ఆ ఒలింపిక్స్‌లో మొదటి ఇద్దరు సేబర్ వీరులూ ఒకే ఇంట్లో, ఒకే తండ్రి దగ్గర పెరిగినవాళ్లు. అన్నకు తమ్ముడు, తమ్ముడికి అన్న ఇంట్లోనే దొరికిన ప్రత్యర్థులు. నెదో నాది చరిత్రలో అన్నిటికన్నా పెద్ద అదృష్టం ఇదే.

లివోర్నోలో ఆ పరంపర ఆగలేదు. మోంతానో కుటుంబంలో తాత ఆల్దో 1936, 1948 ఒలింపిక్స్‌లలో సేబర్ జట్టుతో వెండి పతకాలు గెలిచాడు. తండ్రి మారియో ఆల్దో 1972 మ్యూనిక్‌లో జట్టు స్వర్ణం గెలిచాడు. తాత పేరే పెట్టుకున్న మనవడు ఆల్దో మోంతానో 2004 ఏథెన్స్ ఫైనల్లో హంగరీకి చెందిన నెమ్‌చిక్‌ను 15-14తో ఓడించి వ్యక్తిగత స్వర్ణం తెచ్చాడు. 42 ఏళ్ల వయసులో టోక్యోలో జట్టు వెండి పతకం కూడా మెడలో వేసుకున్నాడు. మూడు తరాలు, ఒకే ఊరు, ఒకే ఆయుధం. దీన్ని రక్తంలోనే ఉన్న విద్య అని సరిపెట్టుకుంటే అసలు సంగతి చేజారిపోతుంది. ఆ ఊళ్లో పిల్లవాడు సాయంత్రం శిక్షణశాలకు వెళ్తే, తనకన్నా బాగా ఆడేవాళ్లు ఎదురు నిలబడడానికి సిద్ధంగా ఉంటారు. ఫెన్సింగ్ ఒంటరిగా నేర్చుకుంటే వచ్చేది కాదు.

తెలుగువాళ్లకు కత్తియుద్ధం అనగానే కాంతారావు గుర్తొస్తారు. జానపద చిత్రాల్లో ఆయన మెట్లెక్కుతూ, బల్లల మీదికి దూకుతూ పోరాడుతుంటే కళ్లకు పండగ. సేబర్ పోటీలో అంత తీరిక ఉండదు. 14 మీటర్ల పొడవున్న పిస్ట్ అనే బరి మీద ఇద్దరూ ఒక్కసారిగా కదులుతారు, రెప్పపాటులో వేటు పడిపోతుంది. అంచుతో కొట్టవచ్చు, మొనతో పొడవవచ్చు. నడుము పైభాగం, తలతో సహా, గురే. ఒకరి వేటు తగిలాక 170 మిల్లీసెకన్లలోపు రెండోవారిదీ తగిలితే స్కోరు యంత్రం మీది రెండు దీపాలూ వెలుగుతాయి. అప్పుడు దాడి ఎవరిది, దాన్ని అడ్డుకుని తిరగ్గొట్టింది ఎవరు అన్నది చూసి రిఫరీ పాయింటు ఇస్తారు. ముందుకు వెళ్లేటప్పుడు వెనక కాలు ముందు కాలిని దాటకూడదు. కాబట్టి ఈ ఆటలో చేతివేగం సగమే. ఎదుటివాళ్లు ఏం చేయబోతున్నారో వాళ్ల భుజం కదలికలో, అడుగు నిడివిలో ముందే పసిగట్టడం మిగతా సగం. ఆ చూపు పుస్తకంలో దొరకదు, అద్దం ముందూ దొరకదు. వేర్వేరు మనుషుల చేతుల్లో వేలసార్లు దెబ్బ తింటేనే పదునెక్కుతుంది.

ఇక్కడే మన అమ్మాయి కథ మొదలవుతుంది. చదలవాడ ఆనంద సుందరరామన్ భవానీ దేవి 1993లో చెన్నైలో పుట్టింది. తండ్రి అర్చకుడు. పంచారామాల్లో ఒకటైన కుమారారామం ఉన్న సామర్లకోట నుంచి చెన్నై చేరిన తెలుగు కుటుంబం వాళ్లది. పొట్టకూటి కోసం ఊరు దాటి, ఇంట్లో తెలుగు, బయట మరో భాషగా బతకడం ఎలా ఉంటుందో ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయ్, కుమ్హారి తెలుగువాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

2004లో బడిలో ఆటలకు పేర్లు ఇస్తున్నప్పుడు భవాని వంతు వచ్చేసరికి మిగతావన్నీ నిండిపోయాయి, ఫెన్సింగ్ ఒక్కటే మిగిలింది. అసలు కత్తులు ఖరీదు. వాటిని పోటీలకు దాచుకుని, రోజువారీ సాధన వెదురు కర్రలతో చేసేవాళ్లు. 14 ఏళ్లకు మొదటి అంతర్జాతీయ పోటీకి తుర్కియే వెళ్లింది. మూడు నిమిషాలు ఆలస్యంగా చేరినందుకు బ్లాక్ కార్డు చూపించి పోటీ నుంచే పంపేశారు. పదో తరగతి అయ్యాక కేరళలోని తలశ్శేరిలో ఉన్న భారత క్రీడా ప్రాధికార సంస్థ (శాయ్) కేంద్రంలో కోచ్ సాగర్ లాగు దగ్గర చేరింది. ఖర్చులకు తల్లి రమణి నగలు తాకట్టు పెట్టింది.

అక్కడి నుంచి ఆమె వెళ్లింది లివోర్నోకే. నికోలా జానోటి దగ్గర సాధన మొదలుపెట్టాక ఫలితాలు వరసకట్టాయి. 2017లో రేక్యావిక్‌లో జరిగిన శాటిలైట్ టోర్నీలో స్వర్ణం, 2018లో కాన్‌బెర్రాలో కామన్వెల్త్ ఫెన్సింగ్ చాంపియన్‌షిప్స్ స్వర్ణం. గురువు గొప్పవాడే, సందేహం లేదు. అయితే ఆ ఊరు ఆమెకు ఇచ్చింది గురువును మాత్రమే కాదు, రోజూ ఎదురు నిలిచే కత్తులను కూడా. కరోనా కాలంలో చెన్నైలో చిక్కుకుపోయినప్పుడు మేడ మీద కిట్ బ్యాగునే ప్రత్యర్థిగా నిలబెట్టుకుని సాధన చేసింది. ఆమె పట్టుదలకు అది సాక్ష్యం. మన దేశంలో ఆమె స్థాయి ప్రత్యర్థులు ఎంత అరుదో కూడా ఆ బ్యాగే చెబుతుంది.

2021 మార్చిలో ర్యాంకింగ్ ఆధారంగా టోక్యోకు అర్హత సాధించి, ఒలింపిక్స్‌లో అడుగుపెట్టిన తొలి భారత ఫెన్సర్ అయింది. జూలై 26న ట్యునీసియాకు చెందిన నాదియా బెన్ అజీజీని 15-3తో చిత్తుచేసింది. తర్వాత ఎదురైంది ఫ్రాన్స్‌కు చెందిన మనోన్ బ్రూనె, ఆ రోజు కాంస్యం గెలిచిన మనిషి. విరామానికి స్కోరు 2-8. చివరికి 7-15తో ఓటమి. ఆ అంకెలను విడదీసి చూడాలి. విరామం తర్వాతి భాగంలో ఇద్దరి మధ్య తేడా రెండు పాయింట్లే. బ్రూనె ఆట చదవడానికి భవానికి ఎనిమిది వేట్లు పట్టింది. చదివాక గట్టిగా నిలబడింది. అయినా ఆ రాత్రి ఆమె దేశానికి క్షమాపణ చెప్పింది. చెప్పవలసిన అవసరమే లేదు.

2023 జూన్‌లో వూషీలో జరిగిన ఆసియా చాంపియన్‌షిప్స్ క్వార్టర్ ఫైనల్లో ప్రపంచ చాంపియన్ మిసాకి ఎమురాను 15-10తో ఓడించింది. సెమీస్‌లో ఉజ్బెకిస్తాన్‌కు చెందిన దాయిబెకోవా చేతిలో 14-15తో, ఒక్క వేటు తేడాతో ఓడింది. అయినా ఆ పోటీల్లో భారత్‌కు తొలి ఫెన్సింగ్ పతకం, కాంస్యం, ఆమెదే.

ఉక్కు ఊరు భిలాయ్ పాఠకులకు ఇక్కడ ఒక మాట. 1982లో రోమ్ ప్రపంచ పోటీల్లో ప్రత్యర్థి ఫాయిల్ విరిగి, ఆ ముక్క మాస్కులోంచి దూసుకుపోయి సోవియట్ వీరుడు వ్లదిమిర్ స్మిర్నోవ్ ప్రాణం కోల్పోయాడు. ఆ తర్వాతే మాస్కుల, దుస్తుల, కత్తుల ప్రమాణాలు కఠినమయ్యాయి. పెద్ద పోటీల్లో ఫాయిల్, ఎపే కత్తులు మారేజింగ్ ఉక్కుతో చేయాలన్నారు. కార్బన్ చాలా తక్కువ, నికెల్ దాదాపు 18 శాతం. అందులో పగులు నెమ్మదిగా పాకుతుంది. రైలు పట్టాలు చేసే ఊరికి పగులు సంగతి వేరే చెప్పాలా! అదే జాతి ఉక్కును హైదరాబాద్‌లోని మిధాని సంస్థ మన రాకెట్ల కోసం తయారుచేస్తుంది.

భిలాయ్‌కి ఆటలు కొత్త కావు. రాజేష్ పటేల్ అనే కోచ్ ఇక్కడ ఆడపిల్లలను చేరదీసి బాస్కెట్‌బాల్ నేర్పి, ఛత్తీస్‌గఢ్ జట్టును జాతీయ విజేతగా నిలిపారు. 2018లో ఆయన కన్నుమూశారు. ఒకే చోట ఉండి రోజూ ఒకరితో ఒకరు తలపడిన పిల్లలు వాళ్లు. లివోర్నోలో జరిగిందీ అదే కదా.

రాయ్‌పూర్‌కూ భిలాయ్‌కీ మధ్యనున్న కుమ్హారిలో ఎవరైనా ఫెన్సింగ్ మొదలుపెట్టాలనుకుంటే 14 మీటర్ల నేల దొరక్కపోదు. తొలిరోజుల్లో వెదురు కర్రలూ సరిపోతాయి, చెన్నైలో సరిపోయాయిగా. తలకు మాస్కులు మాత్రం మొదటి రోజే కొనాలి. ప్రతిభ ఉన్న ఒక్క పిల్లను వెతికి పట్టుకుని ఆమెకే అన్నీ సమకూర్చడం కాకుండా ఆరేడుగురిని ఒకేసారి చేర్చుకోవాలి. పోటీల్లో మొదటి దశ పూల్ కూడా సాధారణంగా అంతమందితోనే జరుగుతుంది. వాళ్లలో పొడుగు వాళ్లూ పొట్టివాళ్లూ ఉండాలి, ఎడమచేతి వాటం పిల్ల ఒకతైనా తప్పకుండా ఉండాలి.