తేనె వేసినా తీపి తీపే

"చక్కెర చిటికెడు కూడా వెయ్యలేదండీ, అంతా తేనే" అంటూ ఎవరైనా యాపిల్ పై ముక్క చేతిలో పెడితే హాయిగా తినండి. ఆరోగ్యం పేరు చెప్పి మాత్రం రెండో ముక్క అడక్కండి. పెద్ద చెంచాడు చక్కెరలో యాభై కేలరీలకు కాస్త తక్కువుంటే, అదే చెంచాడు తేనెలో అరవై దాటతాయి. తూకం వేస్తే లెక్క తిరగబడే మాట నిజమే, తేనెలో ఐదో వంతుకు దగ్గరగా నీళ్లే కాబట్టి. కానీ వంటింట్లో తూచేదెవరు? చెంచాలతోనే కదా పోస్తాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చక్కెర తగ్గించుకోమని దేశాలకు చెప్పినప్పుడు తేనెను కూడా ఆ గాటనే కట్టింది. షుగర్ ఉన్న పెద్దాయన "తేనెకేం, పర్లేదు" అని చెయ్యి చాచడం, ఇంటావిడ కళ్లెర్రజెయ్యడం మన ఇళ్లలో రోజూ చూసేదే. ఈ విషయంలో నా ఓటు ఆవిడకే.

మరి తేనె ఎందుకంటే, రుచికి. చక్కెరకు తీపి తప్ప ఇంకో గుణం లేదు. తేనెకు వాసన ఉంది, పులుపు ఉంది, ఊరు ఉంది. పైగా యాపిల్‌కూ దానికీ పాత చుట్టరికం. యాపిల్ పువ్వు మామూలుగా తన రకం పుప్పొడితో సరిగా కాయ కట్టదు. దగ్గర్లో ఇంకో రకం చెట్టుండాలి, అక్కణ్నుంచి పుప్పొడి మోసుకొచ్చే ఈగ ఉండాలి. హిమాచల్‌లో ఏప్రిల్ నెలలో తోటలు పూతకొచ్చే వేళకు తేనెపెట్టెలు అద్దెకు తెచ్చి చెట్ల మధ్య పెట్టుకునే రైతులున్నారు.

యాపిల్ పై అనగానే అమెరికా గుర్తొస్తుంది గానీ, అమెరికాది ఇందులో పెద్దగా ఏమీ లేదు. అడవిలో కాసే చిన్న పుల్ల యాపిళ్లు తప్ప, మనం తినే యాపిల్ జాతి యూరప్ వలసదారులు పట్టుకెళ్లినదే. ఆ పండు పుట్టిల్లు ఇంకా వెనక, కజకిస్తాన్ వైపు తియాన్‌షాన్ కొండల్లో ఉంది. తేనెటీగ కూడా అక్కడిది కాదు. 1622లో ఓడలో వర్జీనియా చేరింది. వంటకం ఇంగ్లండు నుంచి వెళ్లింది. 14వ శతాబ్దం చివరి నాటి ఇంగ్లిష్ రాతప్రతి ఒకదానిలో యాపిళ్లు, బేరిపళ్లు, అత్తిపళ్లు, ఎండుద్రాక్ష, కుంకుమపువ్వు వేసి పిండిగూటిలో పెట్టి కాల్చమని ఉంది. చక్కెర మాట లేదు, అప్పట్లో అది అంత ఖరీదు మరి. అమెరికాలో చక్కెర బాగా చవకయ్యాక అందరూ దానికే అలవాటుపడ్డారు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942లో, దానికి రేషన్ పెట్టి 1947 దాకా తియ్యలేదు. అప్పుడు అక్కడి ఇల్లాళ్లు తేనె సీసా అందుకున్నారు. ఇవాళ ఆరోగ్యం పేరుతో అమ్ముడవుతున్న ఈ పద్ధతి ఆనాడు గతిలేక పట్టుకున్నది. రేషన్ చక్కెర కోసం సంచి పట్టుకుని వరసలో నిలబడ్డ మన పెద్దవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇక పండు సంగతి. మన బండ్ల మీద ఎర్రగా నిగనిగలాడేది చాలావరకు డెలీషియస్ జాతి. అమెరికాలో అయోవాలో పుట్టిన ఆ రకాన్ని సిమ్లా దగ్గర కోట్‌గఢ్‌కు తెచ్చి నాటించినవాడు ఫిలడెల్ఫియా నుంచి వచ్చిన శామ్యూల్ స్టోక్స్. తర్వాత ఆయన సత్యానంద్ అయ్యాడు, జాతీయోద్యమంలో జైలుకూ వెళ్లాడు. మనిషి మీద నాకు బోలెడు గౌరవం. ఆయన తెచ్చిన పండు కోసుకు తినడానికి బాగుంటుంది, ఓవెన్‌కు మాత్రం పనికిరాదు. పులుపు తక్కువ, సెగ తగిలితే గుజ్జయిపోతుంది. తేనె తీపికి ఎదురు నిలవాలంటే పులుపు కావాలి. అందుకని సగం సిమ్లా పండు, సగం గ్రీన్ యాపిల్ తీసుకుంటాను. ఆ పచ్చ పండు పులుపు ఏపాటిదో అమెరికాలో మనవాళ్లను అడగండి. ఉగాది పచ్చడికి మామిడికాయ దొరకనప్పుడు దాన్నే తురిమి వేసుకునేవాళ్లున్నారు అక్కడ. మొత్తం పచ్చవే వెయ్యొచ్చు, కాకపోతే ధర చూసి చెయ్యి వెనక్కొస్తుంది.

తేనెలోనూ అన్నీ ఒకటి కావు. నల్లమల తేనె, మన్యం తేనె ముదురు రంగులో ఉండి గొంతులో సన్నగా వగరు వదులుతాయి. గిరిజన కార్పొరేషన్ సీసా మా ఇంట్లో ఎప్పుడూ ఉంటుంది. నల్లమలలో చెంచులు కొండచరియకు తాడుతో దిగి పట్టు కోస్తారు. పైన ఆ తాడు పట్టుకునేది బావమరిదే అయ్యుండాలంటారు. చెల్లెలి పసుపుకుంకుమల మీద తీపి ఎవడికుంటుందో వాడి చేతిలోనే ప్రాణం పెట్టడం, ఇంతకన్నా గట్టి బీమా ఏముంది! అంత కష్టపడి దింపిన తేనెను మొత్తంగా ఓవెన్‌లో పోయడానికి నాకు చేతులు రావు. లోపలికి లేత రంగు తేనె పోస్తాను, బీహార్ లిచీ పూల తేనె లాంటిది. అడవి తేనె పని చివర్లో ఉంది.

అసలు పేచీ నీళ్లతో. యాపిల్‌లో నూటికి ఎనభై అయిదు పాళ్లు నీరే. చక్కెర పొడి సరుకు, తేనె తానే కొంత నీరు పట్టుకొస్తుంది. పచ్చి ముక్కల్లో తేనె కలిపి నేరుగా పిండిలో పెట్టి కాలిస్తే పైన బంగారు రంగు, కింద అంబలి. చాలా వంటల పుస్తకాలు "ఒక కప్పు చక్కెర బదులు ముప్పావు కప్పు తేనె" అని చెప్పి చేతులు దులుపుకుంటాయి. కేకు అయితే పాలు కాస్త తగ్గించి సరిపెట్టుకోవచ్చు. ఇందులో తగ్గించడానికి మనం పోసిన పాలూ లేవు, నీళ్లూ లేవు. ఉన్న తడంతా పండుదే. దాన్ని ముందే బయటికి రాబట్టాలి.

కిలో పండ్లకు చెక్కు తీసి, అర సెంటీమీటరుకు కొంచెం పైగా మందం ఉండేట్టు ముక్కలు కొయ్యండి. వెడల్పాటి బాణలిలో వేసి ఒక నిమ్మచెక్క పిండి, చిటికెడు ఉప్పు, చిన్న వెన్న ముక్క వేసి మూత పెట్టండి. సన్నటి సెగ చాలు. తొందరపడి మంట పెంచకండి, దానికో కారణం ఉంది. పండు 60 నుంచి 70 డిగ్రీల మధ్య కాసేపు నిలిస్తే, దానిలోనే ఉన్న ఒక ఎంజైము పెక్టిన్‌ను బిగిస్తుంది. అలా ఒకసారి బిగిసిన ముక్క తర్వాత ఓవెన్‌లో గంటసేపున్నా ఆకారం వదలదు. ఒక్కసారిగా కుతకుతలాడిస్తే ఆ ఎంజైము పని మొదలెట్టకుండానే చచ్చిపోతుంది, మీకు మిగిలేది జామ్. పది నిమిషాలకు మూత తీసి ఒక ముక్కను రెండు వేళ్లతో వంచి చూడండి. పటుక్కున విరిగితే ఇంకాస్త ఆగాలి. వంగి, వదిలితే మెల్లగా వెనక్కొస్తే దించెయ్యొచ్చు. చిల్లుల గిన్నెలో వంపితే కింద లేత పసుపు రంగు రసం దిగుతుంది. ఆ రసాన్ని మళ్లీ పొయ్యి మీద పెట్టి మరిగించండి. తీగపాకం దాకా పోనక్కర్లేదు, గరిటె వెనక పూతలా నిలిస్తే చాలు. పండు నుంచి వచ్చిన రుచి పండులోకే తిరిగి పోతుంది, నీళ్లు మాత్రం ఆవిరైపోతాయి. ముక్కలు, పాకం రెండూ పూర్తిగా చల్లారాక వంద గ్రాముల తేనె, రెండు చెంచాల కార్న్‌ఫ్లోర్, దాల్చినచెక్క పొడి, గీరిన జాజికాయ కాస్త కలపండి.

ఇక్కడే మా అత్తయ్యగారు వంటింటి గుమ్మంలో ప్రత్యక్షమవుతారు.

"తేనె పొయ్యిలో పెడుతున్నావా? వేడిచేస్తే విషమే అమ్మాయ్."

"చల్లారాకే కలిపానత్తయ్యా."

"ఆ తర్వాత పెట్టేది నిప్పులోనేగా!"

ఆవిడ గాలిలోంచి తీసి అన్న మాట కాదు. చరక సంహిత తేనెను వేడిచెయ్యొద్దనే చెబుతుంది. ఇవాళ్టి రసాయనశాస్త్రం తేనె వేడెక్కినా, నిలవున్నా హెచ్ఎంఎఫ్ అనే పదార్థం పెరుగుతుందంటుంది. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం అది కిలోకు 40 మిల్లీగ్రాములు మించకూడదు, మనలాంటి వేడి దేశాల తేనెకు 80 దాకా ఒప్పుకుంటారు. అయితే ఆ హద్దు తేనె పాతదా, మరీ కాచిందా అని పట్టుకోవడానికి పెట్టుకున్నది. వేయించిన కాఫీ గింజల్లోనూ, కాల్చిన రొట్టెలోనూ అదే పదార్థం ఉంటుంది. ఆ లెక్కన అత్తయ్యగారి పొద్దుటి ఫిల్టర్ కాఫీని కూడా ప్రశ్నించాలి. అంత ధైర్యం ఈ ఇంట్లో ఎవరికీ లేదు.

విషం మాట అటుంచితే, వాసన మాటలో ఆవిడదే పైచేయి. తేనెకు ప్రాణమైన పూల వాసన ఓవెన్ వేడికి నిలవదు. లోపల మిగిలేది తీపి, రంగు, కాస్త మాగిన రుచి. అందుకే తేనెను రెండు భాగాలు చేశాను. లేత తేనె లోపలికి, అడవి తేనె కోసిన ముక్క మీదికి, వడ్డించే క్షణంలో.

మరి కాల్చిన వెంటనే పైన పెట్టిన గాట్లలోంచి పచ్చి తేనె లోపలికి పోస్తే సరిపోదా అని అడగొచ్చు. సరిపోదు. పచ్చి తేనెలో డయాస్టేజ్ అనే ఎంజైము ఉంటుంది. దాని పని పిండిపదార్థాన్ని విరగ్గొట్టడం. తేనెను అతిగా కాచారా లేదా అని ప్రయోగశాలల్లో తేల్చేది కూడా అది పిండిని ఎంత జోరుగా కరిగిస్తోందో చూసే. మనం కార్న్‌ఫ్లోర్ వేసి, కాల్చి గట్టిపరిచిన గుజ్జును ఆ తేనె మెల్లగా మళ్లీ నీరు చేసేస్తుంది. సాయంత్రం బిగువుగా ఉన్నది పొద్దున్నకు పళ్లెంలో పారుతుంది.

పిండి దగ్గర నేను పెద్దగా సాగదియ్యను. మూడు వందల గ్రాముల మైదా, రెండు వందల గ్రాముల గడ్డకట్టిన వెన్న, తడిసీ తడవనట్టు ఐసునీళ్లు. ఉప్పు వెన్న అయితే ఇంకో ఉప్పు వద్దు. నెయ్యి వెయ్యకూడదా అని ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు. వెన్నలో ఆరో వంతు దాకా నీరుంటుంది, ఓవెన్‌లో ఆ నీరు ఆవిరై పిండిని పొరలు పొరలుగా విడదీస్తుంది. నెయ్యిలో ఆ నీరు లేదు, కాబట్టి పొర రాదు, గుల్లగా రాలుతుంది. కజ్జికాయకు ఆ గుల్లతనం అందం, ఎందుకంటే లోపల కొబ్బరో, పప్పుల పొడో పొడిగానే ఉంటుంది. తడి పండును మొయ్యడానికి పొర కావాలి. వెన్న 32 డిగ్రీలకే కారడం మొదలెడుతుంది. మే నెలలో మా హైదరాబాద్ వంటింటి వేడి దాన్ని ఎప్పుడో దాటేసి ఉంటుంది. ఇది డిసెంబరు పని. ఎండాకాలంలో మనకు మామిడిపళ్లున్నాయి, ఈ తంటా ఎందుకు?

వత్తిన పిండిని టిన్‌లో పరిచి, పండు నింపి, పైన ఇంకో రొట్టె కప్పి అంచులు నొక్కి, కత్తితో నాలుగు గాట్లు పెట్టండి. ఓటీజీలో కింది రాడ్‌కు దగ్గరి అరలో 210 డిగ్రీల దగ్గర ఇరవై నిమిషాలు, తర్వాత 175కు తగ్గించి ముప్పావుగంట. చక్కెర పద్ధతిలో వేడి ఇంకో పదిహేను డిగ్రీలు ఎక్కువే పెట్టుకోవచ్చు. తేనెలో ఎక్కువగా ఉండే ఫ్రక్టోజ్ మామూలు చక్కెర కన్నా చాలా ముందే ఎర్రబడుతుంది కాబట్టి ఇక్కడ అది కుదరదు. అంచులు రంగు తేలగానే ఫాయిల్ చుట్టండి. గాట్లలోంచి అంచున బుడగలు రాగానే తీసేస్తుంటారు చాలామంది. మధ్య గాటులోంచి, చిక్కగా, నిదానంగా ఒక బుడగ లేచి పగలాలి. కార్న్‌ఫ్లోర్ ఉడికిందనడానికీ, లోపల పోసిన తేనెలోని ఆ పిండిని విరిచే ఎంజైము అణగిందనడానికీ అదే గుర్తు. ఆ తర్వాత మూడు నాలుగు గంటలు దాని జోలికి పోకూడదు. పిల్లలున్న ఇంట్లో అన్నిటికన్నా కష్టమైన అంకం ఇదే. భోజనాలకు ఎవరైనా వస్తున్నారంటే పొద్దున్నే కాల్చి పక్కన పెట్టుకోవడం మేలు.

పిల్లల్ని ఆపడానికి ఒక ఉపాయం ఉంది. అంచులు కత్తిరించగా మిగిలిన పిండి ముక్కల్ని పారెయ్యకుండా పల్చగా వత్తి, దాల్చినచెక్క పొడి చల్లి, అదే ఓవెన్‌లో పది పన్నెండు నిమిషాలు కాల్చి చేతిలో పెట్టండి. వాటి మీద నేను చల్లేది మాత్రం పంచదారే. తేనె రాస్తే ఆ పల్చటి ముక్కలు నిమిషాల్లో మాడి ఊరుకుంటాయి.